రెండు పోచంపల్లులు

పోచంపల్లి అనగానే మన యిళ్ళలో ఆడవారికి చీర జ్ఞాపకం వస్తుంది, పెద్దవారికి భూదానం జ్ఞాపకం వస్తుంది. 1951 ఏప్రిల్ 18వ తేదీన నల్లగొండ జిల్లా పోచంపల్లిలో వినోబా భావేగారు అక్కడి హరిజనులను, మీకేమి కావాలని అడిగినారు. నలభై కుటుంబాలవారు ఎనభై ఎకరాల భూమి వుంటే చాలునన్నారు. ఆ సభలోనే వున్న వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరెకరాలు నేనిస్తానన్నారు. భూదానోద్యమం పుట్టినది ఆ పూటనే.

మన ప్రాంతంలో మరొక పోచంపల్లి వున్నది. ఇది తమిళనాడులో, కృష్ణగిరి జిల్లాలో, వొక తాలూకా కేంద్రం. నిన్నమొన్నటి దాకా ఆ చుట్టుపక్కల పల్లెలవారికి తప్ప దీని పేరు తెలియదు. 2021లో యిక్కడ 500 ఎకరాల స్థలంలో కరెంటు స్కూటర్ల ఫ్యాక్టరీ లేచినది. పెట్టినవారు ఓలా ఎలక్ట్రిక్ సంస్థవారు. ఆ సంస్థ అధిపతి భవీష్ అగర్వాల్‌గారు లుధియానాలో పుట్టి, బొంబాయి ఐ.ఐ.టి.లో చదివి, 2010లో ఓలా టాక్సీల వ్యాపారం మొదలుపెట్టినవారు.

ఒక పోచంపల్లిలో భూమి వున్నాయన నూరెకరాలు యిచ్చినారు. రెండవ పోచంపల్లిలో పెట్టుబడి వున్నాయన అయిదువందల ఎకరాలు తీసుకున్నారు. మొదటివారు ఎందుకు యిచ్చినారని ఎవరూ అంతగా అడగలేదు. రెండవవారు ఎందుకు తీసుకున్నారని మాత్రం అందరూ అడుగుతున్నారు. అడగవలసినదే. ఎందుకంటే మన సంఘ కుటుంబాలలో యిప్పుడు మూడు ప్రశ్నలు తరచుగా వినిపిస్తున్నవి. కరెంటు బండి కొనవచ్చునా అని వొకరు, ఆ కంపెనీల షేర్లు కొనవచ్చునా అని వొకరు, అమ్మాయిని ఆ ఫ్యాక్టరీలో పనికి పంపవచ్చునా అని వొకరు. మూడూ వేరు వేరు ప్రశ్నలుగా కనిపించినా వేరు వొక్కటే. ఆ సంస్థను నడిపే పెద్దమనిషి ఎందుకోసం నడుపుతున్నాడు, చెప్పిన మాట నిలుపుకుంటాడా అన్నదే అసలు ప్రశ్న.

ఎదుటివాని మనసులో దూరి చూడడం ఎవరివల్లా కాదు. అతడు చేసిన పనులు మాత్రం తేదీలతో సహా లోకం ముందు వున్నవి. వాటిని వరుసలో పెట్టి చూదాము.

హోసూరు, కృష్ణగిరి ప్రాంతం మనకు కొత్తది కాదు. సూలగిరి, బాగలూరు, వేపనపల్లి, డెంకణికోట వైపు తెలుగు మాట తరతరాలుగా యింటిమాట. 1956లో భాషారాష్ట్రాలు ఏర్పడినపుడు యీ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలోనే నిలిచిపోయినది. 1965లో సేలం జిల్లా నుంచి ధర్మపురి జిల్లా విడివడినది, 2004లో ధర్మపురి నుంచి కృష్ణగిరి విడివడినది. జిల్లాలు మారినా అరుగుమీది మాట మారలేదు. 2024 జూన్‌లో కృష్ణగిరి నుంచి లోక్‌సభకు ఎన్నికైన గోపీనాథ్‌గారు సభలో తెలుగులో ప్రమాణం చేసినారంటే యిక్కడ తెలుగు ఎంత లోతుగా పాతుకున్నదో తెలుస్తుంది.

రాగి, ఉలవ, మామిడి, యివి యీ నేల పంటలు. దక్షిణ పినాకిని మీద కృష్ణగిరి ఆనకట్టను 1957లో కామరాజుగారు ప్రారంభించినారు. బెంగుళూరు నుంచి హోసూరుకు దాదాపు నలభై కిలోమీటర్లే అయినా, రెండు ఊళ్ళ మధ్య చాలాకాలం పొలాలు తప్ప మరేమీ లేవు. 1970ల దశకంలో తమిళనాడు ప్రభుత్వం సిప్‌కాట్ పారిశ్రామిక పేట పెట్టినది. ఆ తరువాత అశోక్ లేలాండ్ వచ్చినది, టి.వి.యస్. వచ్చినది, టైటాన్ గడియారాలు వచ్చినవి. వాటికి కావలసిన మరలూ, రబ్బరు సామానూ, పోతపని చేసే చిన్న చిన్న షెడ్లు వందలుగా లేచినవి. 1980లో టి.వి.యస్. 50 మోపెడ్ హోసూరులోనే పుట్టినది. ఇద్దరు ఎక్కగల చిన్న బండి. పాలవాడు, కూరలవాడు, బడిపంతులు అందరూ దానిమీదనే తిరిగినారు. మన పెద్దలలో ఎందరో మొదట నేర్చుకున్న బండి అదే.

ఈ సంగతి ఎందుకు చెప్పవలసి వచ్చినదంటే, కరెంటు బండ్లవారు హోసూరుకు రావడం గాలివాటున జరిగినది కాదు. బండి చేయడం తెలిసిన చేతులు యిక్కడ నలభై ఏండ్లుగా తయారై వున్నవి. బెంగుళూరులో ఇంజనీర్లు వున్నారు, మద్రాసు వైపు రేవు వున్నది, నడుమ మంచి రోడ్డు వున్నది. పైగా 2019లో తమిళనాడు ప్రభుత్వం కరెంటు వాహనాలకు ప్రత్యేక విధానం ప్రకటించినది. పొయ్యి వెలిగి వున్న యింట కొత్త కోడలు వంట మొదలుపెట్టినట్లు, కొత్త సంస్థలు వచ్చి పని మొదలుపెట్టినవి.

మొదట వచ్చినది ఏథర్. తరుణ్ మెహతా, స్వప్నిల్ జైన్ అనే యిద్దరు కుర్రవాళ్ళు మద్రాసు ఐ.ఐ.టి.లో ఇంజనీరింగ్ డిజైన్ చదివినారు. ఉద్యోగాలలో చేరి కొద్ది నెలలకే మానుకున్నారు. 2013లో ఐ.ఐ.టి. ఆవరణలోనే సంస్థ స్థాపించినారు. వారు మొదట అనుకున్నది స్కూటరు కాదు. కరెంటు స్కూటర్లకు మంచి బ్యాటరీ చేసి అమ్ముదామనుకున్నారు. తీరా చూస్తే అప్పుడు దొరికే కరెంటు స్కూటర్లు పేరుకే స్కూటర్లు. గట్టిగా వాన కురిస్తే భయం, చిన్న మిట్ట వస్తే ఆయాసం. అటువంటి బండికి ఎంత మంచి బ్యాటరీ పెట్టి ఏమి లాభమని, బండినే మొదటి నుంచి చేయడానికి కూర్చున్నారు.

డబ్బు కోసం తిరగవలసి వచ్చినది. 2014లో ఫ్లిప్‌కార్ట్ స్థాపించిన సచిన్ బన్సల్, బిన్నీ బన్సల్‌గార్లు పది లక్షల డాలర్లు పెట్టినారు. మరుసటి ఏడు అమెరికా పెట్టుబడి సంస్థ వొకటి వచ్చినది. 2016 ఫిబ్రవరిలో బండిని జనానికి చూపించినారు. ఆ అక్టోబరులో హీరో మోటోకార్ప్‌వారు రు. 205 కోట్లు పెట్టడానికి వొప్పుకున్నారు. అయినా బండి అమ్మకానికి వచ్చినది 2018 జూన్‌లో, అదీ బెంగుళూరులో మాత్రమే. సంస్థ పెట్టిన అయిదేండ్లకు గాని మొదటి బండి యింటికి పోలేదు. బండి కొన్నవాడు దారిలో చార్జింగు లేక నిలబడిపోకూడదని, అమ్మకానికి ముందే ఊరిలో చార్జింగు స్థలాలు పెట్టినారు. 2021 మొదట్లో హోసూరు ఫ్యాక్టరీకి మారినారు. 2024 ఏప్రిల్‌లో కుటుంబానికి పనికివచ్చే పెద్ద సీటు బండి తెచ్చిన తరువాతనే వారి అమ్మకాలు బాగా పుంజుకున్నవి. 2025 ఏప్రిల్ నెలాఖరున షేర్లు రు. 321 ధరకు జనానికి యిచ్చినారు, మే 6న మార్కెట్టుకు ఎక్కినవి.

ఇది వినడానికి నిదానమే ప్రధానం అన్న సామెతకు టీకలాగా వున్నది. కాని లెక్క పుస్తకం కూడా తిప్పి చూడాలి గదా. 2024-25 సంవత్సరానికి ఏథర్ రాబడి రు. 2,255 కోట్లు, నష్టం రు. 812 కోట్లు. పన్నెండేండ్ల వయసు వచ్చినా అప్పటికి వొక సంవత్సరమైనా లాభం చూడలేదు. నిదానం మంచి గుణమే, దాని ఖర్చు మాత్రం ఎవరో వొకరు భరించాలి. ఇక్కడ భరించినవారు పెట్టుబడిదారులు. ఆ కారణంచేతనే షేర్లు జనానికి యిచ్చేనాటికి సంస్థలో అందరికంటె పెద్ద వాటా స్థాపించిన యిద్దరిదీ కాదు, హీరోవారిది.

ఇక రెండవ పోచంపల్లి కథ వేరు. దానికి సామెత ఆలస్యం అమృతం విషం. 2020 మే నెలలో ఓలావారు హాలెండులోని ఎటెర్గో అనే స్కూటర్ల సంస్థను కొన్నారు. బండి నమూనా ఆ విధంగా చేతికి వచ్చినది. డిసెంబరులో తమిళనాడు ప్రభుత్వంతో రు. 2,400 కోట్ల ఒప్పందం చేసుకున్నారు. 2021 ఫిబ్రవరి చివర పోచంపల్లిలో పునాదిపని మొదలైనది. ఆగస్టు 15న, స్వాతంత్ర్యదినం నాడు, బండి ప్రకటించినారు. డిసెంబరు 15న మొదటి బండ్లు కొన్నవారికి అందినవి. ఫ్యాక్టరీ పూర్తి అయితే ఏటా కోటి బండ్లు చేస్తామన్నారు. 2025 తరువాత యీ దేశంలో పెట్రోలు ద్విచక్ర వాహనమే అమ్ముడుపోకూడదు, అదే మా లక్ష్యం అన్నారు.

ఒక్కమాట న్యాయంగా చెప్పుకోవాలి. ఆ వేగమే లేకపోతే మన వీధులలో కరెంటు బండి అంత త్వరగా కనిపించేది కాదు. పాత కంపెనీలవారు చాలాకాలం, యింకా సమయం వున్నది, చూదామన్నట్లుగా వున్నారు. ఓలావారి సందడి చూచి వారికి నిద్ర లేచినది. 2023-24లో ఓలావారు మూడు లక్షలకు పైగా బండ్లు అమ్మినారు. దేశంలో అమ్ముడుపోయిన కరెంటు స్కూటర్లలో మూడవవంతు వారివే. మూడేండ్ల క్రితం ఫ్యాక్టరీయే లేనివారికి అది చిన్న సంగతి కాదు.

కాని పిండి విసిరినంత వేగంగా రొట్టె కాలదు. 2022 మార్చిలో పూనాలో వారి బండి వొకటి వీధిలోనే తగులబడినది. అదే ఋతువులో మరికొన్ని కంపెనీల బండ్లూ కాలినవి. బ్యాటరీలో వందలకొద్దీ చిన్న గుండ్రని సెల్లులు వుంటవి. ఒకటి లోపల చెడి వేడెక్కితే ఆ వేడి పక్కదానికి అంటుకుంటుంది, అది దాని పక్కదానికి. నీళ్ళు పోసినా త్వరగా ఆరదు. ఏప్రిల్‌లో ఓలావారు 1,441 బండ్లను పరీక్షకు వెనక్కు పిలిచినారు. ప్రభుత్వం ఆ ఏడే బ్యాటరీల పరీక్ష నిబంధనలు గట్టి చేసినది.

తరువాత వచ్చినది మరమ్మతుల బాధ. బండ్లు లక్షల మీద అమ్ముడుపోయినవి, వాటిని బాగుచేసే చోట్లు, చేసే చేతులు ఆ లెక్కన పెరగలేదు. ఏడాదిలో జాతీయ వినియోగదారుల సహాయకేంద్రానికి పదివేలకు పైగా ఫిర్యాదులు వెళ్ళినవి. 2024 అక్టోబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ నోటీసు యిచ్చినది. నూటికి తొంభైతొమ్మిదికి పైగా పరిష్కరించామని కంపెనీ జవాబు చెప్పినది. ఆ నెలలోనే యీ విషయం మీద వొక హాస్య కళాకారునితో సంస్థ అధిపతి బహిరంగంగా మాటకు మాట అనుకున్నారు. నోరు మంచిదయితే ఊరు మంచిదవుతుందని మన పెద్దలు చెప్పినది యిటువంటి సందర్భానికే. 2024 ఆగస్టులో రు. 76కు యిచ్చిన షేరు కొద్ది రోజులలో 150 దాటి, 2025లో 50కి దిగువకు పడినది. 2024-25లో రాబడి రు. 4,514 కోట్లు కాగా నష్టం రు. 2,276 కోట్లు.

2025 ఏప్రిల్‌లో నెలవారీ అమ్మకాలలో మొదటి స్థానానికి వచ్చినదెవరో తెలుసునా? టి.వి.యస్. 50 చేసిన హోసూరువారే. వారు కరెంటు స్కూటరు 2020 జనవరిలో తెచ్చి, పెద్ద ఆర్భాటం లేకుండా, ఊరూరా వున్న తమ పాత దుకాణాల ద్వారా అమ్ముతూ పోయినారు. 2002లో జపానువారి డెమింగ్ బహుమతి సంపాదించుకున్న సంస్థ అది. ప్రతి బండీ ఒక్కలాగే రావాలనే పట్టుదలకు యిచ్చే బహుమతి అది. పెట్రోలు బండ్లు కనబడకుండా పోవలసిన ఆ 2025లో దేశంలో అమ్ముడుపోయిన ద్విచక్ర వాహనాలలో కరెంటువి నూటికి పదింటికి కూడా చేరలేదు.

వీరుకాక సూలగిరి వద్ద ఫ్యాక్టరీ పెట్టిన సింపుల్ ఎనర్జీవారు వున్నారు. వారు కూడా బండి ప్రకటించినది 2021 ఆగస్టు 15నే. బండి చేతికి అందడం మొదలైనది 2023 జూన్‌లో. ఒకే రోజు చెప్పిన యిద్దరిలో ఒకరికి నాలుగు నెలలు, మరొకరికి రమారమి రెండేండ్లు పట్టినది. పోనీ, ఆలస్యమైనవారు దొంగలు, త్వరపడినవారు దొరలు అనుకుందామంటే అదీ కుదరదు.

ఇప్పుడు మన ప్రశ్నకు వద్దాము. ఒక మనిషి యింత పెద్ద పనికి ఎందుకు పూనుకుంటాడు? మాకు నాలుగు కారణాలు కనిపిస్తున్నవి. ధనం, కీర్తి, పంతం, పనిమీది ప్రేమ. దేశభక్తి అనే అయిదవదాన్ని అందరూ ముందు చెప్పుతారు, కాబట్టి దాన్ని చివర చూడడం మంచిది. ఈ నాలుగూ ప్రతివానిలోనూ కొంత కొంత వుంటవి. బ్యాటరీ చేయబోయి బండి చేసిన కుర్రవాళ్ళలో పనిమీది ప్రేమ కనిపిస్తుంది. కాని వారికి ధనం అక్కరలేదనుకుంటే మనమే అమాయకులం. స్వాతంత్ర్యదినం నాడు బండి ప్రకటించినవారిలో కీర్తి, పంతం ఎక్కువ పాళ్ళలో కనిపిస్తవి. కాని పంతం లేనివాడు బండరాతి నేలలో పది నెలలకు ఫ్యాక్టరీ లేపి బండి బయటకు పంపగలడా? ఉప్పు ఎక్కువైన కూర తినలేము, అసలు లేని కూరా తినలేము.

మరి ఉద్దేశం మంచిదయితే చాలునా? దీనికి మొదటి పోచంపల్లి జవాబు చెప్పుతుంది. రామచంద్రారెడ్డిగారి మనసును శంకించేవారు లేరు. వినోబాగారి మనసును శంకించేవారు అసలే లేరు. అయినా ఆ తరువాత దేశమంతటా దానపత్రాలలో చేరిన లక్షల ఎకరాలలో పెద్ద భాగం పేదవాని నాగలి కిందకు రానే లేదు. కొంత రాతినేల, కొంత వ్యాజ్యాలలో వున్నది, కొంత కాగితాల మీదనే మిగిలినది. ఇచ్చిన క్షణం గొప్పదే, ఇచ్చినదాన్ని కొలిచి, హద్దురాళ్ళు వేసి, పట్టా చేతిలో పెట్టేవాడు కరువైనాడు. మంచి ఉద్దేశానికి మంచి గుమాస్తా కావాలి. రెండవ పోచంపల్లిలోనూ అదే జరిగినది. బండి యిచ్చేవారు వున్నారు, యిచ్చిన బండిని తరువాత చూచుకునేవారు చాలలేదు. కాబట్టి ఉద్దేశాన్ని కొలిచే గజంబద్ద ప్రకటన రోజున దొరకదు. మాట తప్పిన రోజున ఆ మనిషి ఏమి చేసినాడో చూడాలి.

ఈ విషయంలో ఎవరినీ తలకెత్తుకోనక్కరలేదు కూడా. ప్రభుత్వం కరెంటు బండ్లకు యిచ్చే సహాయధనం మన పన్నుల సొమ్ము. 2021 జూన్‌లో ఆ సహాయం బాగా పెంచినారు, 2023 జూన్‌లో తగ్గించినారు. బండి ధర నిబంధనకు లోబడి కనిపించడానికి చార్జరు ధరను వేరుగా వసూలు చేసినారన్న వివాదం వచ్చి, 2023లో ఓలా, ఏథర్, టి.వి.యస్., హీరో నాలుగు కంపెనీలవారూ ఆ డబ్బు కొన్నవారికి తిరిగి యివ్వడానికి వొప్పుకున్నారు. నిదానస్థుడూ, తొందరవాడూ, పాతకాపూ అందరూ ఆ వరుసలో వున్నారు.

మనవారి సంగతి కూడా వొక్కటి చెప్పుకోవాలి. చిత్తూరు జిల్లా పేటమిట్ట గ్రామంలో పుట్టిన గల్లా రామచంద్రనాయుడుగారు అమెరికాలో ఇంజనీరుగా పనిచేసి తిరిగి వచ్చి 1985లో తిరుపతి దగ్గర అమరరాజా సంస్థ పెట్టినారు. పెద్ద నగరంలో పెట్టవచ్చును, పెట్టలేదు. తన జిల్లా పల్లెల పిల్లలకు పని దొరకాలన్నారు. నలభై ఏండ్లైనది. వారి బ్యాటరీ దేశమంతటా కార్లలో వున్నది. ఇప్పుడు ఆ సంస్థ మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో లిథియం సెల్లుల ఫ్యాక్టరీకి పూనుకున్నది. పదేండ్లలో రు. 9,500 కోట్ల పెట్టుబడి అని 2022 డిసెంబరులో తెలంగాణ ప్రభుత్వంతో ఒప్పందం. 2024 డిసెంబరులో ఏథర్‌వారితో సెల్లుల సరఫరా గురించి అవగాహన కుదిరినది. మన బండ్లలోని సెల్లులు యింతవరకు ఎక్కువగా చైనా, కొరియాల నుంచి వచ్చినవే. పాలమూరు సెల్లు హోసూరు బండిలో కూర్చునే రోజు వస్తే మనకు సంతోషమే. అప్పుడు కూడా నాణ్యం చూచే కొందాము, మనవారని కళ్ళు మూసుకుని కొనవద్దు.

ఇక ఆడపిల్లల మాట. ఇది మాకు అన్నిటికంటె ముఖ్యంగా తోస్తున్నది. ఆడశిశువును వద్దనుకునేవారి కోసం ప్రభుత్వం తొట్టెల పథకం 1992లో సేలం జిల్లాలో మొదలుపెట్టినది, 2001లో ధర్మపురికీ తెచ్చినది. అప్పటికి కృష్ణగిరి ధర్మపురిలో భాగమే. అంటే ఆడపిల్ల పుట్టుకే బరువనుకున్న కుటుంబాలు యీ నేలమీదనే వుండినవి. అదే నేలమీద 2021 సెప్టెంబరులో, మా ఫ్యాక్టరీలో పదివేలమంది పనిచేస్తారు, అందరూ ఆడవారే అని పోచంపల్లిలో ప్రకటించినారు. ఉద్దేశం ఏదైనా కానివ్వండి, పేరు కోసమే అన్నా అనండి. నెలజీతం తెచ్చే కూతురిని ఏ తండ్రీ బరువనడు. రాగి కోతకు పోయిన చేయి బండి బిగించడం నేర్చుకున్నది, ఆ నేర్పును వెనక్కు తీసుకునేవారు లేరు. అయితే 2024 చివర, 2025 మొదట్లో ఆ సంస్థలో ఉద్యోగుల తగ్గింపు జరిగినట్లు పత్రికలలో వచ్చినది. పిల్ల జీతం మీద అప్పుచేసి యిల్లు మొదలుపెట్టిన కుటుంబానికి అటువంటి వార్త పిడుగే గదా.

భూమి మాట కూడా మరువరాదు. 2024 జూన్‌లో హోసూరులో రెండువేల ఎకరాలలో విమానాశ్రయం కడతామని తమిళనాడు ముఖ్యమంత్రి శాసనసభలో చెప్పినారు. 2019లోనే హోసూరు నగరపాలక సంస్థ అయినది. ఎకరం ధర తాతలు కలలో కూడా అనుకోనంత పెరిగినది. అమ్మినవారికి డబ్బు వచ్చినది, డబ్బు నిలిచినదా అన్నది యింటింటికీ వేరు. ఫ్యాక్టరీలు కూడా మన చుట్టాలు కావు. ఏథర్‌వారు మూడవ ఫ్యాక్టరీకి మహారాష్ట్రను ఎంచుకున్నారు. రాయితీ ఎక్కడ ఎక్కువైతే అక్కడికి పోవడం వ్యాపార ధర్మం. కాబట్టి పొలం అమ్మే కుటుంబం ఆ సొమ్ములో మొదటి భాగం పిల్లల చదువుకూ, పనినేర్పుకూ కేటాయించాలని మా మనవి. నేర్పు వున్నవాడు ఏ ఫ్యాక్టరీ వచ్చినా, ఏది పోయినా బ్రతుకుతాడు.

మొదటి మూడు ప్రశ్నలకు మాకు తోచిన సలహా చెప్పుతాము.

బండి కొనేవారు ముందు లెక్క వేసుకోండి. నూరు కిలోమీటర్లకు బండి మూడు నాలుగు యూనిట్ల కరెంటు తాగుతుంది. పెట్రోలు బండికి అదే దూరానికి రెండు లీటర్లు దాటుతుంది. రోజూ ముప్పై నలభై కిలోమీటర్లు తిరిగేవారికి లాభమే. వారానికి వొకసారి గుడికి పోయివచ్చేవారికి పాత బండి చాలు. కొనేముందు బండి రంగు చూడకండి, మరమ్మతు చేసే చోటు మీ యింటికి ఎంత దూరమో చూడండి. బ్యాటరీకి ఎన్నేండ్ల హామీ, హామీ తీరిన తరువాత కొత్తదాని వెల ఎంత అని కాగితం మీద వ్రాయించుకోండి. మేడమీద కాపురముండేవారు కింద చార్జింగుకు ప్లగ్గు పెట్టనిస్తారో లేదో యింటివారిని ముందే అడగండి.

షేర్లు కొనేవారికి వొకే మాట. పిల్ల పెళ్ళికి దాచినది, ఆసుపత్రికి దాచినది యీ కంపెనీలలో పెట్టకండి. 321కి కొన్నవారు సంతోషించినారు, 76కు కొన్నవారు తల పట్టుకున్నారు. ఇద్దరూ కొన్న రోజున ఒకే ధైర్యంతో కొన్నారు.

అమ్మాయిని పనికి పంపేవారు మాత్రం భయపడి ఆపకండి, అడిగి పంపండి. ఉద్యోగం కంపెనీదా, కాంట్రాక్టరుదా? పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. వున్నవా? రాత్రి షిఫ్టు అయితే బస్సు యింటి వీధి దాకా వస్తుందా? హాస్టలులో పెద్దదిక్కు ఎవరు? పని నేర్చుకున్నట్లు సర్టిఫికెట్టు యిస్తారా? ఈ చివరిది తప్పక అడగండి. ఆ కాగితం వుంటే పోచంపల్లిలో పని పోయినా హోసూరులో తలుపు తడితే పలుకుతుంది.

మన కుటుంబాలలో యిప్పటికే యీ ఫ్యాక్టరీలలో పనిచేస్తున్న అమ్మాయిలు వుంటే, పై ప్రశ్నలకు తమ తమ జవాబులు నాలుగు పంక్తులు వ్రాసి సంఘానికి పంపవలసినదిగా కోరుతున్నాము. పేర్లు అచ్చువేయము. రేపు మరొక యింటి అమ్మాయి బయలుదేరేముందు వాళ్ళమ్మ చదువుకోవడానికి పనికివస్తవి.